రెండు రన్‌వేలు

సోమవారం కూడా పిట్టకు రెండు రన్‌వేలే కనిపించాయి.

ఒకదాని మీదికి ఇంకొకటి సగం ఎక్కినట్టు, అంచులు కలిసీ కలవనట్టు ఉన్నాయి. ఎదురుగా మీటర్లలో ముళ్ళు కూడా జంటగానే కదులుతున్నాయి. పోయిన వారం కుడివైపు రన్‌వేని నమ్మి గడ్డిలో దిగింది. ఈసారి ఎడమదాన్ని నమ్ముదామని పొద్దున్నే అనుకుని వచ్చింది. విమానం కిందికి దిగేకొద్దీ ఆ ధైర్యం కూడా సడలిపోయింది. నేల ఇంకా ఎంత దూరం ఉందో తెలియడం లేదు. ఒకసారి కాళ్ళకు తగిలేంత దగ్గరగా ఉంది, మరుక్షణం మేడ మీంచి చూసినంత లోతుగా ఉంది.

"నేలెక్కడుందమ్మా? నేలెక్కడుంది?" కెప్టెన్ గారి గొంతు బయటి నుంచి వినిపించింది.

అదే నేను అడుగుతున్నానండీ అనుకుంది పిట్ట. స్టిక్ గట్టిగా వెనక్కి లాగింది. విమానం ముక్కు పైకెత్తింది, గాల్లోనే నిలబడినట్టు నిలబడి, దబ్బున కూలింది. కళ్ళ ముందంతా ఎర్రగా అయిపోయింది.

కళ్ళకు కట్టుకున్న హెడ్‌సెట్ తీసేసరికి గది నెమ్మదిగా ఎడమవైపుకు తిరిగి ఆగింది. కళ్ళ చుట్టూ రబ్బరు అంచు అచ్చు పడింది. కుర్చీ పక్కనున్న ప్లాస్టిక్ బకెట్ ఎక్కడుందో ముందు చూసుకుంది. ఈసారి దాని అవసరం రాలేదు.

విమానం నడపడం నేర్పే ఆ సిమ్యులేటర్ గదిలో ఒకటే కుర్చీ, ఒకటే హెడ్‌సెట్. కుర్చీకి స్టిక్, కాళ్ళ దగ్గర పెడళ్ళు. గోడకు పెద్ద స్క్రీన్. కుర్చీలో కూర్చున్నవాళ్ళు నడిపే విమానాన్ని మిగతా పదకొండు మంది ఆ స్క్రీన్ మీద చూస్తారు. శుక్రవారం పరీక్ష. ఒక్కొక్కరు మూడుసార్లు దింపాలి. కనీసం రెండుసార్లు రన్‌వే మీదే దింపినవాళ్ళు నిజం విమానం దగ్గరికి వెళ్తారు. మిగతావాళ్ళ పేర్లు జాబితాలోంచి కొట్టేస్తారు. మూడు వారాలుగా పిట్ట ఒక్కసారి కూడా దింపలేదు.

కెప్టెన్ గారు ముప్పై ఏళ్ళు నిజం విమానాలు నడిపి వచ్చిన మనిషి. స్క్రీన్ పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతారు. హెడ్‌సెట్‌ను ఆయన కళ్ళగంతలు అంటారు. ఒక్కరోజు కూడా అది పెట్టుకోలేదు.

"ఏమైంది?" అన్నారు.

"సార్... రెండు కనిపిస్తున్నాయి సార్."

"ఏంటి రెండు?"

"రన్‌వేలు."

కెప్టెన్ గారు స్క్రీన్ వైపు తిరిగి చూశారు. అందరూ చూశారు. స్క్రీన్ మీద నల్లగా, నున్నగా, తెల్ల గీతలతో ఒకటే రన్‌వే ఉంది.

"ఇక్కడ ఒకటే ఉందమ్మా."

"ఆ రెండోది మాకూ ఇప్పించండి సార్, రద్దీ తగ్గుతుంది," అన్నాడు వెనక నుంచి నిచ్చెన. బ్యాచ్‌లో అందరికంటే పొడుగు అతను. మార్కుల్లోనూ అతనే మొదలు. అందరూ నవ్వారు. పిట్ట కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకా బాగోదనిపించింది.

టెక్నీషియన్‌ను పిలిచారు. ఆయన మణికట్టుకు ఎప్పుడూ ఒక నల్ల టేపు చుట్ట గాజులా వేలాడుతూ ఉంటుంది. అందుకని పిల్లలంతా చాటున టేపు సార్ అంటారు. ఆ గదిలో టేపు పడని వస్తువు లేదు. పెడళ్ళకు టేపు, కుర్చీ చేతికి టేపు, హెడ్‌సెట్ నిండా అక్కడక్కడా టేపు. మంచి మనిషి. మోకాళ్ళ నొప్పులున్నా నేల మీద కూర్చుని కేబుల్ పీకి, ఊది, మళ్ళీ పెట్టాడు. సాఫ్ట్‌వేర్ ఆపి మళ్ళీ తెరిచాడు. జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి లోపలి అద్దాలు తుడిచాడు. కిటికీలోంచి ఎండ పడితే దాని కెమెరాలు తికమక పడతాయని తెర లాగాడు. చివరికి తనే పెట్టుకుని తల అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అద్దంలా ఉంది," అన్నాడు. "నువ్వు పెట్టుకోమ్మా. ఇప్పుడు బాగుందా?"

పిట్ట పెట్టుకుంది. రెండు రన్‌వేలు. పావుగంట నుంచి ఆయన నేల మీద కూర్చున్నాడు. వెనక పదకొండు మంది తమ వంతు కోసం చూస్తున్నారు. పైగా అంతకుముందు ఆమె ఇలాంటిది ఎక్కడా పెట్టుకోలేదు. అద్దంలా ఉండటం అంటే ఇలాగే ఉంటుందేమో, మిగతావాళ్ళు ఇందులోనే దింపుతున్నారేమో.

"బాగుంది సార్," అంది.

ఇంట్లో అక్క అన్నం వడ్డిస్తూ, "ఎలా జరిగింది?" అని అడిగింది. అక్క బస్‌స్టాండులో టికెట్ల కిటికీ దగ్గర పనిచేస్తుంది. రోజంతా అద్దం వెనక నుంచి అరిచి అరిచి ఇంట్లో కూడా కాస్త గట్టిగానే మాట్లాడుతుంది.

"కూలింది," అంది పిట్ట.

"మళ్ళీనా?" అన్నాడు బావ. రొట్టెల వ్యాన్ నడుపుతాడు. ఆమెకు పిట్ట అని పేరు పెట్టింది ఆయనే. ఒకరోజు వ్యాన్‌లో దింపుతూ గేటు దగ్గర అలా పిలిస్తే బ్యాచ్ అంతా పట్టేసుకుంది. "ఇప్పటికి ఎన్ని విమానాలు కూల్చావే మరదలా? దేశంలో ఇంకేమైనా మిగిల్చావా?"

"నువ్వూరుకో," అని బావను కసిరి, అక్క పిట్ట వైపు తిరిగింది. "భయపడుతున్నావా? అందుకే కూలుతోందా?"

"భయం కాదక్కా. రెండు కనిపిస్తున్నాయి."

"రాత్రి ఫోన్ తక్కువ చూడు."

పిట్ట అన్నం కలుపుకుంది. కంచంలోకి చూసింది. కంచం ఒకటే ఉంది. నీళ్ళ గ్లాసు ఒకటే ఉంది. బావ కూడా, దేవుడి దయవల్ల, ఒక్కడే ఉన్నాడు.

మంగళవారం ఆమె ఒక పని చేసింది. విమానం కిందికి దిగేటప్పుడు ఎడమ కన్ను మూసుకుంది. రెండో రన్‌వే దీపం ఆర్పినట్టు మాయమైంది. ఉన్న ఒక్కదాని వైపు ముక్కు పెట్టి, లోతు సరిగ్గా తెలియకపోయినా మీటర్ చూసుకుంటూ దింపింది. చక్రాలు తగిలిన చప్పుడు కుర్చీలో అదిరింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకోసారి చేసింది. ఈసారి కుడి కన్ను మూసింది. అప్పుడూ ఒకటే. అంటే ఏ కన్నుకా కన్ను బాగానే చూస్తోంది. రెండూ కలిస్తేనే పడటం లేదు. ఇదేం తగాదానో ఆమెకు అర్థం కాలేదు.

హెడ్‌సెట్ కింద ఆమె బుగ్గ ముడతలు పడటం నిచ్చెన కంట పడింది.

"సార్, పిట్ట కన్ను కొడుతోంది!"

గది గొల్లుమంది. కెప్టెన్ గారు నవ్వలేదు. దగ్గరికొచ్చి హెడ్‌సెట్ తీయమన్నారు.

"ఒక కన్ను మూసి దింపావా?"

"అవును సార్."

"ఎందుకు?"

"అలా అయితే ఒకటే కనిపిస్తోంది సార్."

ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూశారు. కోపంగా లేరు, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. "కళ్ళలో లోపం ఉంటే చేరేటప్పుడే చెప్పాలమ్మా. ఒంటి కన్నుతో విమానం నడపడానికి ఎవరూ ఒప్పుకోరు. రేపు క్లాసుకు రావద్దు. కళ్ళ పరీక్ష చేయించుకుని కాగితం తీసుకురా. తేడా ఉందని రాస్తే ఇక శుక్రవారం దాకా ఆగక్కర్లేదు."

బుధవారం అక్క సగం రోజు సెలవు పెట్టింది. కళ్ళ ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నంతసేపూ పిట్ట ఎదురుగోడ మీది అక్షరాలను ఒక కన్నుతో, తర్వాత రెండో కన్నుతో చదువుతూనే ఉంది.

"ముందే చదివేస్తున్నావా? కాపీ కొట్టడానికిదేమైనా పరీక్షా?" అంది అక్క.

"పరీక్షే కదక్కా."

అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. గట్టిగా మాట్లాడే మనిషి ఆ రోజు ఎందుకో మెల్లగా మాట్లాడింది. "బాగోలేదంటే బాగోలేదు. దానికేం. మా కిటికీ దగ్గర ఉద్యోగానికి కళ్ళు ఎలా ఉన్నా పర్లేదు."

ఓదార్చడానికే అంది. పిట్టకు మాత్రం ఆ అద్దం వెనక తను కూర్చుని చిల్లర ఇస్తున్నట్టు కనిపించింది.

డాక్టరమ్మ పెద్దావిడ. చీకటి గదిలో దీపం వేసి చూసింది, అక్షరాలు చదివించింది, వేలు ముక్కు దాకా తెచ్చి చూడమంది. అన్నీ అయ్యాక కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "మరి రెండు ఎక్కడ కనిపిస్తాయమ్మా నీకు?" అని అడిగింది.

"విమానంలోనండీ."

"విమానంలోనా?"

"నిజం విమానం కాదండీ. కళ్ళకు పెట్టుకునేది."

డాక్టరమ్మకు ఏమీ అర్థమైనట్టు లేదు. "కళ్ళు బంగారంలా ఉన్నాయి," అంటూ సొరుగులోంచి చిన్న స్కేలు తీసింది. దాన్ని పిట్ట ముక్కు మీద అడ్డంగా పెట్టి, "నా ఎడమ కన్ను చూడు. ఇప్పుడు కుడి కన్ను చూడు," అని, కాగితం మీద 58 అని వేసింది.

"అదేంటండీ?"

"నీ కంటిపాపకీ కంటిపాపకీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో. కళ్ళజోడు రాస్తే కావాలి. నీకు అక్కర్లేదు, అలవాటు కొద్దీ కొలిచేశా."

"అది తప్పు పడితే ఏమవుతుందండీ?"

"ఇంకెవరి కళ్ళజోడో పెట్టుకున్నట్టుంటుంది. తల తిరుగుతుంది. బాగా తేడా ఉంటే ఒక గీత రెండు గీతలవుతుంది. నీకెందుకమ్మా ఇవన్నీ, హాయిగా వెళ్ళు." అప్పటికే ఆవిడ తలుపు వైపు చూస్తూ తర్వాతి వాళ్ళను పిలుస్తోంది.

అక్క దారంతా సంతోషంగా మాట్లాడింది. పిట్టకు మాత్రం ఇంకా తికమకగా ఉంది. కళ్ళు బాగున్నాయి. టేపు సార్ చూశాడు కాబట్టి మిషనూ బాగుంది. రెండూ బాగుంటే ఇంక పాడైంది ఏమిటి? మిగిలింది తన తలకాయ ఒక్కటే. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. ఇంకెవరి కళ్ళజోడో అన్న మాట మాత్రం బస్సు దిగాక కూడా ఆమె వెంటే వచ్చింది.

గురువారం కెప్టెన్ గారు కాగితాన్ని చేయి చాపి దూరంగా పట్టుకుని చదివారు. "కళ్ళు బాగానే ఉన్నాయి," అన్నారు. "అంటే శ్రద్ధే లేదన్నమాట."

కాగితం తిరిగి ఇచ్చేశారు. ఆ రోజు ఆమె మూడుసార్లు దింపింది. కన్ను మూయొద్దన్నారు కాబట్టి మూయలేదు. మూడుసార్లూ గడ్డిలోనే.

గది తుడిచే వంతు ఆ వారం చివరి రెండు రోజులు ఆమెదే. అందరూ వెళ్ళాక కుర్చీ తుడిచింది, పెడళ్ళు తుడిచింది. హెడ్‌సెట్ బోర్లించి చెమట పట్టిన రబ్బరు తుడుస్తుంటే, అడుగున ఉన్న నల్ల టేపు కింద వేలికి ఏదో తగిలింది. పళ్ళు పళ్ళుగా ఉంది. నాణెం అంచులా ఉంది. టేపు మీద నుంచి గోటితో గీకితే గరగరమంది.

టేపు సార్ గుమ్మంలో తాళం చెవులతో నిలబడి ఉన్నాడు.

"సార్, దీని కింద ఏముంది?"

"అదా? చక్రం. ముట్టుకోకు. లోపలి రెండు అద్దాలు ఒకదానికొకటి దగ్గరికీ దూరానికీ జరుగుతాయి దాంతో. పాత బ్యాచ్‌లో వచ్చినవాళ్ళంతా తిప్పి పాడుచేశారు. రోజూ సరిచేయలేక చచ్చేవాణ్ణి. అందుకే ఒకసారి సరిగ్గా పెట్టి టేపేసి పారేశా. అప్పట్నుంచీ గొడవ లేదు."

"సరిగ్గా అంటే..."

"సరిగ్గా అంటే సరిగ్గా. నేనే పెట్టుకుని చూసి మరీ బిగించా. తుడిచావా? పద పద, బస్సుకు టైమవుతుంది నీకు."

సరిగ్గా అంటే ఎవరికి సార్ అన్న ప్రశ్న గొంతు దాకా వచ్చింది. ఆయన తాళం చెవుల గుత్తిని ఆడిస్తున్నాడు. పిట్ట గుడ్డ పిండి ఆరేసి వెళ్ళిపోయింది.

శుక్రవారం ఉదయం బావ వ్యాన్ రొట్టెల వాసనతో ఆమెను గేటు దగ్గర దింపేసరికి ఇంకా ఎవరూ రాలేదు. కాపలాదారు గది తెరిచి ఇచ్చాడు. తడిగుడ్డ తెచ్చింది. కుర్చీ తుడిచింది. కిటికీ తుడిచింది. ఆ కిటికీ ఎవరూ తుడవమనలేదు. చివరికి హెడ్‌సెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, గోటితో టేపు మూల లేపింది. ఎండకూ చెమటకూ గట్టిపడిన టేపు. చర్మం ఊడినట్టు ముక్కలు ముక్కలుగా వచ్చింది.

మిషన్ ఆన్ చేసి, హెడ్‌సెట్ తగిలించుకుని, చక్రాన్ని ఒక పన్ను వెనక్కి కదిపింది. కళ్ళ ముందు, ఆకాశం మీద, తెల్లటి అంకె ఒకటి వెలిగింది. 67.

అంటే ఇన్నాళ్ళూ అరవై ఎనిమిది.

మెల్లగా తిప్పింది. 66. 65. మీటర్లలో జంట ముళ్ళు ఒకదాని వైపు ఒకటి జరిగాయి. 62. రన్‌వే అంచులు రెండూ సిగ్గుపడుతున్నట్టు దగ్గరికొచ్చాయి. 60. చక్రం బిగుతుగా ఉంది, వేలు జారుతోంది. 58 దగ్గర ఆపేసింది.

ఒకటే రన్‌వే. ఒక్కో మీటర్‌లో ఒకటే ముల్లు. రన్‌వే పక్కన గడ్డి ఉందని తెలుసు గానీ అందులో పరక పరకా విడిగా ఉంటుందని ఆమెకు తెలియదు. ఎంతసేపు చూసిందో కూడా తెలియలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తే ఉలిక్కిపడి తీసేసింది. టేపు ముక్కలు మళ్ళీ అతికించబోతే అంటుకోలేదు. ఉండ చేసి జేబులో వేసుకుంది. తన వంతు కాగానే చక్రాన్ని మళ్ళీ అరవై ఎనిమిదికి తిప్పేస్తే ఎవరికీ తెలియదు అనుకుంది.

కెప్టెన్ గారు జాబితా, పెన్ను పట్టుకుని వచ్చారు. అందరినీ ఒకసారి చూసి, "ముందు నువ్వు రామ్మా," అన్నారు. ఒక పని అయిపోగొట్టుకుందాం అన్నట్టుంది ఆ పిలుపు.

మొదటిసారి చక్రాలు నేలకు గట్టిగా తగిలి విమానం ఎగిరి పడింది, కానీ పడింది రన్‌వే మీదే. రెండోసారి ఆత్రంలో వేగం ఎక్కువై చివరిదాకా పోయి గడ్డిలో ఆగింది. మూడోసారి ఆమె తొందరపడలేదు. నేల తన వైపు వస్తోంది. ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా వస్తోందో ఈసారి తెలుస్తోంది. తలుపు ఎక్కడుందో తెలిసినవాళ్ళు చీకట్లో నడిచినట్టు స్టిక్‌ను కొంచెం వెనక్కి తీసుకుంది. చక్రాలు తగిలాయో లేదో అన్నట్టు తగిలాయి.

ఎవరూ నవ్వలేదు, చప్పట్లూ కొట్టలేదు. కెప్టెన్ గారి పెన్ను జాబితా మీద ఆగి ఉంది. "ఊఁ," అన్నారు. "దిగు." ఆమె చేయి హెడ్‌సెట్ కింది చక్రం మీదికి పోయేలోపే దాన్ని అందుకున్నారు. "ఇలా గెంతకుండా ఎలా దింపాలో నువ్వు చూపించవయ్యా," అని నిచ్చెన చేతికిచ్చారు.

నిచ్చెన కుర్చీ వెనక్కి జరుపుకుని, పొడుగు కాళ్ళు పెడళ్ళ మీద పెట్టి, హెడ్‌సెట్ తగిలించుకున్నాడు. పట్టుమని పది అంకెలు లెక్కపెట్టేంత సమయం కూడా కాలేదు.

"సార్, ఇది పాడైంది."

"ఏమైంది?"

"అన్నీ రెండు రెండు కనిపిస్తున్నాయి సార్. ఇలా ఎవరు దింపుతారు?" హెడ్‌సెట్ తీసి ఒళ్ళో పడేశాడు.

కెప్టెన్ గారు వెంటనే పెన్నుకు మూత పెట్టేశారు. "పరీక్ష ఆపండి. మిషన్ పాడైంది. టెక్నీషియన్‌ను పిలవండి, పరుగెత్తండి."

పిట్ట గోడ పక్కన నిలబడి విన్నది. ముందు ఆమెకు ఏం విన్నదో అర్థం కాలేదు. తనకు మూడు వారాలు. ఇతనికి పది అంకెలు. అవే మాటలు. తను అన్నప్పుడు కళ్ళు పాడయ్యాయి, శ్రద్ధ పాడైంది. ఇతను అనగానే మిషన్ పాడైంది. నిచ్చెన మీద ఆమెకు కోపం రాలేదు. అతను ఒక్క క్షణం కూడా తన కళ్ళను అనుమానించలేదు. అలా కూడా ఉండొచ్చని ఆమెకు ఇన్నాళ్ళూ తోచలేదు.

టేపు సార్ వచ్చి హెడ్‌సెట్ తిప్పి చూశాడు. మొహం ఎర్రబడింది. "టేపు ఎవరు పీకారు? ఎవరు పీకారంటే?"

జేబులో టేపు ఉండ ఆమె వేళ్ళకు అంటుకుపోయింది.

"నేనే సార్."

"నువ్వా?" కెప్టెన్ గారు ఆమె వైపు తిరిగారు. "పరీక్ష రోజు మిషన్ ముట్టుకున్నావా? అందుకేనా దిగింది?"

"అవును సార్. అందుకే దిగింది."

"ఏం చేశావు?"

"నాకు యాభై ఎనిమిది సార్. కాగితంలో ఉంది. దీంట్లో అరవై ఎనిమిది పెట్టి ఉంది. అది టేపు సార్..." నాలుక కరుచుకుంది. "అదే, మన టెక్నీషియన్ సార్ కళ్ళ కొలత. ఆయనకు అద్దంలా కనిపిస్తుంది. నాకు రెండు కనిపిస్తాయి. ఇప్పుడు నా కొలత పెట్టాను కాబట్టి ఇతనికి రెండు కనిపిస్తున్నాయి."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవే?"

"చెప్పాను సార్."

"ఎప్పుడు?"

"సోమవారం. స్క్రీన్ మీద ఒకటే ఉందన్నారు." ఆమె గొంతు ఆమెకే వినిపించనంత చిన్నగా ఉంది, అయినా గదిలో అందరికీ వినిపించింది. "ఇప్పుడు కూడా స్క్రీన్ మీద ఒకటే ఉంది సార్."

అందరూ తిరిగి చూశారు. కెప్టెన్ గారు చివర్లో చూశారు. నల్లగా, నున్నగా ఒకటే రన్‌వే ఉంది.

టేపు సార్ చక్రం మీద బొటనవేలు పెట్టి నిలబడిపోయాడు. "నాకు బాగానే ఉండేది కదా," అన్నాడు. ఎవరితోనూ కాదు, తనలో తనే. మణికట్టు మీది టేపు చుట్టను తీసి బల్ల మీద పెట్టాడు.

వెనక వరసలో ఎప్పుడూ మాట్లాడని ఒక అమ్మాయి చేయి సగం ఎత్తింది. "నాక్కూడా సార్. రెండు కాదు గానీ, అంచులు మసగ్గా ఉంటాయి."

"నాకు తలనొప్పి వస్తుంది సార్," అన్నారు ఇంకెవరో. "నేను బాగుందనే చెప్పా."

కెప్టెన్ గారు పెన్ను మూత తీశారు. జాబితాలో పిట్ట పేరు ఎదురుగా ఏదో గీశారు. కొట్టివేత అడ్డంగా ఉంటుంది, ఇది అడ్డంగా లేదు. తర్వాత బల్ల మీదున్న ప్లాస్టిక్ స్కేలు తీసి ఆమె చేతిలో పెట్టారు.

"ఆ డాక్టరమ్మ ఎలా కొలిచింది?"

"ముక్కు మీద పెట్టి సార్."

"ఒక్కొక్కరిదీ కొలువు. పేరు పక్కన రాసుకో. అందరివీ అయ్యాకే పరీక్ష." ఆయనే సిమ్యులేటర్ కుర్చీలో కూర్చున్నారు. "ముందు నాది చూడు. నేనూ ఒకసారి ఈ కళ్ళగంతలు పెట్టుకుని చూడాలి."

కూర్చున్నా ఆయన మొహం ఆమె మొహానికి సరిసమానంగా ఉంది. ఇంత దగ్గరగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. కంటిపాపల చుట్టూ బూడిదరంగు వలయాలున్నాయి. స్కేలు ముక్కు మీద ఆనించింది. సున్నా గీత పక్కకు పోయింది. మళ్ళీ పెట్టింది.

"నా ఎడమ కన్ను చూడండి సార్."

ఆయన చూశారు. అంతలోనే అలవాటుగా ఆయన చూపు పక్కకు, స్క్రీన్ వైపు జరిగింది. స్కేలు కదిలింది.

"అటు చూడొద్దు సార్," అంది పిట్ట. "నా వైపు చూడండి. కదలకండి."

కెప్టెన్ గారు కదల్లేదు.